పల్స్ దారి వేరు, బీపీ దారి వేరు

చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఒక్క సాయంత్రంలో అన్నిసార్లు చూసుకుంటే ఆ టెన్షన్‌కే బీపీ పెరుగుతుంది! మెట్లెక్కి వచ్చి చూస్తే పల్స్ 130, పై బీపీ 150, కింది బీపీ మాత్రం 74 ఉంది, మెషిన్ పాడైందా అని అడిగావు. మెషిన్‌కేం కాలేదు. పల్స్ పెరిగితే రెండు అంకెలూ పెరిగి తీరాలని ఎక్కడా లేదు.

మెట్లెక్కుతుంటే కాళ్లకు రక్తం ఎక్కువ కావాలి. గుండె వేగంగా, గట్టిగా కొట్టుకుంటుంది, పై అంకె పెరుగుతుంది. అప్పుడే కండరాల్లో రక్తనాళాలు వెడల్పవుతాయి కాబట్టి కింది అంకె అలాగే ఉంటుంది, కాస్త తగ్గినా తగ్గుతుంది. విరేచనాలై ఒంట్లో నీరు పోయినవాళ్లలోనైతే బీపీ పడిపోతుంటే పల్స్ పరుగెడుతుంది. ఆసుపత్రి డ్యూటీలో మేం ముందు నాడి పట్టుకునేది అందుకే. చాలాసార్లు బీపీ పడకముందే నాడి చెప్పేస్తుంది.

మీ నాన్న పల్స్ 56 అని కంగారుపడకు, అది గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్ మాత్ర పని. నాకు బెంగల్లా ఆయన తెల్లారి మంచం మీంచి దిగ్గున లేచి తూలడం గురించే. నిలబడగానే అరలీటరు పైగా రక్తం కిందికి దిగుతుంది. మెడ రక్తనాళాల్లోని నరాలు అది కనిపెట్టి గుండెను తొందరపెట్టాలి. వయసు పైబడ్డాక అది ఆలస్యమవుతుంది, పైగా ఈ మాత్ర. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20 తగ్గితే డాక్టర్‌కి చెప్పాల్సిందే. మంచం అంచున కాసేపు కూర్చుని లేవండంటే "నేనేమన్నా ముసలాణ్నా" అంటారు. నువ్వు ఫోన్ చేసి చెప్పు, నీ మాటైతే వింటారు.

ఇక నీ సంగతి. ఓ వారం పొద్దున, సాయంత్రం మాత్రమే చూసుకో. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు (రెండోది నాకు తెలీదనుకోకు). వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చో. ఫోన్ మాట్లాడకు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకో. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు 135/85 దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లు. 180/120 దాటి, ఛాతీనొప్పో, ఆయాసమో, మాట తడబడటమో ఉంటే మాత్రం నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు, ముందు 108కి చెయ్యి.

పండక్కి వచ్చేటప్పుడు ఆ మెషిన్ తీసుకురా. ఇక్కడ డాక్టర్ గారి దగ్గరున్న దానితో సరిచూద్దాం.

మీ అమ్మ