మునసబు గారి మరణం, అమ్మ రాగి బిందె

ప్లేనో, టెక్సాస్
ఆదివారం, తెల్లవారుజాము

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం సంక్రాంతికి ముందే చేరింది. జవాబు రాయకుండానే ఉగాది కూడా దాటిపోయింది, క్షమించు. ఇక్కడ అందరమూ కులాసా. పెద్దదానికి కారు లైసెన్సు వచ్చింది, నాకు నిద్ర పోయింది. మా ఆవిడ ఉద్యోగం మారింది. అమ్మ నవంబరులో వచ్చింది, మే నెలాఖరుకు తిరుగు ప్రయాణం. భీమిలి చొక్కా సంగతి నువ్వు మళ్లీ ఎత్తావు గనుక చెబుతున్నాను, దానికి నేను బాధ్యుణ్ణి కాను, ఎన్నటికీ కాను. ఇక అసలు సంగతికి వస్తాను. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేనిది, అందుకే నీకు రాస్తున్నాను.

మునసబు గారు పోయారు.

ఆ పేరు పెట్టినవాడివి నువ్వే. 2019లో మా ఇంటికి వచ్చినప్పుడు, ఎర్రని వీపు మీద తెల్లని నామంతో, పొడుగాటి తెల్ల మీసాలతో మా హాలులోని ఉప్పునీటి చేపల తొట్టిలో రాతి గుహ ముందు కొలువు తీరిన, చేపల ఒంటిని శుభ్రం చేసే ఆ క్లీనర్ రొయ్యను చూసి, శిస్తు వసూలుకు కూర్చున్నట్టుందని అన్నావు. ఆ మర్నాడే అది విడిచిన కుబుసం ఇసుక మీద తేలుతుంటే, చచ్చిపోయిందనుకుని నువ్వు తలస్నానం చేసి వచ్చిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తరువాత వచ్చిన రొయ్యలకు కూడా ఆ పదవి వంశపారంపర్యంగా దక్కింది. ఈసారి కూడా నేను కుబుసమే అనుకున్నాను. రెండు రోజులు ఎదురుచూశాను. మూడో రోజు చిమటాతో పైకి తీస్తే, పాత చర్మంలోంచి సగమే బయటపడి అలాగే ప్రాణం విడిచి ఉంది.

దానికి ముందే నత్తలు పోవడం మొదలైంది. అద్దం మీది పాచిని నిత్యం గీకి తినే టర్బో నత్తలు ఒక్కొక్కటిగా జారిపడి, ఇసుకలో వెల్లకిలా ఉండిపోయాయి. నిలబెట్టినా తిరిగి పడిపోయేవి. ఆ తరువాత జీనియా పగడం, నువ్వు గంటసేపు చూస్తూ కూర్చున్నదే, పిడికిలి తెరిచి మూస్తున్నట్టు కదలడం మానేసింది. ఇంత జరుగుతున్నా క్లౌన్ చేపల జంట మాత్రం ఏమీ పట్టనట్టు తిని తిరుగుతూనే ఉంది. చేపలు బాగుండి, వెన్నెముక లేనివి మాత్రమే పోతున్నాయంటే ముందుగా రాగిని అనుమానించాలని ఈ వ్యాపకంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. చేపలకు తెల్లమచ్చల రోగం వస్తే వేరే తొట్టిలో రాగి మందే వేస్తారు. ఆ మోతాదును చేప తట్టుకుంటుంది, రొయ్య తట్టుకోలేదు. విచిత్రమేమిటంటే రొయ్య నెత్తురు నడిచేదే రాగితో. మన నెత్తురులో ఇనుము చేసే పనిని దాని నెత్తురులో రాగి చేస్తుంది. కావలసింది రవ్వంత, అంతకు మించితే విషం.

ఇంట్లో ఉన్న పరీక్ష సామగ్రితో చూస్తే సున్నా అని వచ్చింది. నేను దానిని నమ్మి పది రోజులు పాడు చేసుకున్నాను. అది మందు మోతాదును, అంటే లీటరుకు 0.15 నుంచి 0.2 మిల్లీగ్రాముల రాగిని కొలవడానికి చేసినది. అందులో అయిదో వంతుంటే రంగు మారినట్టే కనబడదు. చివరకు లోహాలను పట్టే వడపోత మెత్త ఒకటి తెచ్చి పెట్టాను. ఇనుముంటే నారింజ రంగుకు, రాగి ఉంటే నీలానికి మారుతుంది. మూడో రోజుకు దాని అంచు నెమలి మెడలా తిరిగింది. వెంటనే చిన్న గొట్టంలో నీళ్లు నింపి, నీటిలో లోహాలు రవ్వంత ఉన్నా కొలిచి చెప్పే ఐసీపీ అనే ప్రయోగశాల పరీక్షకు పంపించాను. లీటరుకు 38 మైక్రోగ్రాముల రాగి ఉన్నదని నివేదిక వచ్చింది. అసలు సముద్రంలో అది ఒక్క మైక్రోగ్రాము కూడా ఉండదు.

ఆ రాగి ఎక్కడి నుంచి వస్తోందో తెలియక రెండు వారాలు పిచ్చివాడిలా తిరిగాను. అద్దం తుడిచే అయస్కాంతం పగిలిందేమోనని భూతద్దంతో చూశాను, పంపులు విప్పాను, హీటరు తీగ తడిమాను, దీపానికున్న ప్రతి మరనూ తుప్పు కోసం గోకాను. నీళ్లు శుద్ధి చేసే యంత్రం గొట్టాలలో ఎక్కడైనా ఇత్తడి బిగింపు ఉన్నదేమోనని మెట్ల కింద పడుకుని వెతికాను. అంతా ప్లాస్టిక్కే. మా ఆవిడ అటుగా పోతూ, “పోలీసు కుక్కను పిలిపించమంటారా?” అని అడిగింది.

నా కళ్లముందే ఉన్న ఆధారం ఒకటున్నది. ఆవిరై తగ్గే నీటికి బదులుగా రోజూ నాలుగు లీటర్ల శుద్ధి నీరు ఇరవై లీటర్ల డబ్బా నుంచి దానంతట అదే తొట్టిలోకి పోతుంది. అయిదు రోజులకు అయిపోవలసిన డబ్బా జనవరి నుంచి పది రోజులు వస్తోంది. చలికాలం కదా, ఆవిరి తగ్గిందనుకున్నాను. నువ్వయితే పట్టేసేవాడివి, హాస్టల్లో కిరోసిన్ తగ్గిన లెక్క తీసి ఆ మూడో గది మహానుభావుణ్ణి పట్టుకున్నవాడివి కదా.

ఒకరోజు హైదరాబాదు వాళ్లతో మీటింగు కోసం నాలుగున్నరకే లేచాను. హాలులో దీపం లేదు, తొట్టి మీది నీలి వెలుతురు మాత్రమే ఉన్నది. ఆ వెలుతురులో అమ్మ నిలబడి, చెంబుతో నీళ్లు తొట్టిలోకి పోస్తోంది. చప్పుడు కాకుండా, సన్నని ధారగా, తులసికోటకు పోసినట్టు. రెండు చెంబులు పోసింది. పక్కన బల్ల మీద, సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చిన రాగి బిందె.

నేను అటకాయించలేకపోయాను. కాఫీ తాగేటప్పుడు మెల్లగా అడిగాను. జనవరిలో నేను ఎనిమిది రోజులు షికాగో వెళ్లినప్పుడు మొదలైందట. డబ్బా ఖాళీ అయి పంపు గురగురలాడితే, నేను నింపి పెట్టిన డబ్బాలు కనిపించాయట గానీ, వాటిలోనివి ‘ఏమీ లేని నీళ్లు’ అని నేనే చెప్పానట! నిజమే, చెప్పాను. వడపోసి వడపోసి ఉప్పూ ఖనిజమూ ఏదీ మిగలకుండా చేసిన నీళ్లని గొప్పగా వివరించాను. అమ్మకు జాలి వేసింది. “నోరు లేని జీవాలు, సారం లేని నీళ్లు ఎలా తాగుతాయిరా? రాత్రంతా రాగిలో నిలవ ఉన్న నీళ్లు ఒంటికి మంచివి కదా” అన్నది. బిందెను రోజు విడిచి రోజు చింతపండుతో తళతళలాడేలా తోముతుంది. ఆ పులుపు ఏమాత్రం మిగిలినా రాగి మరింత కరుగుతుంది. రోజుకు రెండు లీటర్ల లెక్కన ఎనిమిది వారాలకు నూట పది లీటర్ల పైమాటే. నీరు ఆవిరైపోతుంది, రాగి పోదు. మనిషికి ఏ హానీ చేయని నీరు అలా రోజురోజుకూ పోగుపడి…

ఇంతకంటే రాయలేను. నేను అమ్మకు చెప్పలేదు. నీళ్లు ఎక్కువైతే నేల మీదికి పొర్లుతాయని అబద్ధమాడి, ఆ పని మాన్పించాను.

వైద్యం సాగుతోంది. తొట్టిలో రాళ్లు పోగా 250 లీటర్ల నీరుంటుంది. వారానికోసారి నాలుగో వంతు తీసి, లీటరుకు 35 గ్రాముల పైచిలుకు ఉప్పు కలిపిన కొత్త నీరు పోస్తున్నాను. (సముద్రం మా ఇంటి వెనకే ఉండగా నువ్వు ఉప్పు కొనుక్కుంటున్నావా అని నువ్వనబోయేది నాకు వినిపించింది.) నాలుగు మార్పులకు మూడో వంతుకు కొంచెం తక్కువ మిగలాలి, అంటే 12 రావాలి. వచ్చింది 17. రాళ్లూ ఇసుకా ఇన్నాళ్లూ మింగిన రాగిని ఇప్పుడు నిదానంగా కక్కుతున్నాయి. అందుకని బొగ్గుతో పాటు రాగిని పట్టే రెసిన్ కూడా సంచిలో కట్టి వేశాను. రాళ్లన్నీ తీసి పారేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఎనిమిదేళ్ల రాళ్లు, వాటి మీద ఊదారంగు పూత పట్టడానికే రెండేళ్లు పట్టింది. ఆ పని నావల్ల కాదు. జీనియా ఒకవైపు కరిగిపోయింది, రెండోవైపు నిన్న నాలుగైదు పిడికిళ్లు కదిలినట్టనిపించింది. అది నా ఆశ కూడా కావచ్చు.

తొమ్మిది రోజుల కిందట రెండు నత్తలను తెచ్చి వదిలాను. ఒకదాన్ని బలి పశువని పిలుస్తున్నాను, రెండోదానికి నీ పేరు పెట్టాను. కోపగించుకోకు, ఎక్కువ తింటున్నది అదే. రెండూ ఇంకా అద్దాన్ని పట్టుకునే ఉన్నాయి. కొత్త మునసబును ఇప్పుడే తేను. మొన్న అమ్మ తొట్టి ముందు కుర్చీ వేసుకుని, “మీసాలాయన కనబడడం లేదేమిరా?” అని అడిగింది. కుబుసం విడిచి రాళ్ల వెనక దాక్కున్నాడని చెప్పాను. నీ తలస్నానం కథ గుర్తు చేసుకుని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, కానీ

ఉండు, వంటింట్లో బిందె చప్పుడవుతోంది. వెళ్లి చూసి రావాలి. ఇది ఇలాగే పోస్టులో వేసేస్తున్నాను.

నీ,
సూర్యం