దేవుడి తరఫున బిగ్ బ్యాంగ్‌ని సాక్ష్యానికి పిలవొద్దు

చిరంజీవి లహరికి,

నాన్న ఆశీస్సులు. మీ హాస్టల్ గొడవ చదివాను. బిగ్ బ్యాంగ్ జరిగింది కాబట్టి సృష్టికర్త ఉన్నాడని ఒక అమ్మాయి, అదే కారణంతో సృష్టికర్త అక్కర్లేదని ఇంకో అమ్మాయి! ఆ సిద్ధాంతం అనని మాటని ఇద్దరూ దాని నోట పెడుతున్నారు. విశ్వం ఒకప్పుడు విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉండేదని, అక్కణ్ణుంచి వ్యాపిస్తూ చల్లబడిందని మాత్రమే అది చెబుతుంది. అంతకు ముందేముంది, అసలు 'ముందు' అనేది ఉందా అంటే ఇప్పుడున్న సమీకరణాలకి అందదు.

ఈ తగువు మీతో మొదలైంది కాదు. బిగ్ బ్యాంగ్ ఆలోచనకి ఆద్యుడైన జార్జ్ లెమైత్ర్ బెల్జియంలో కాథలిక్ ఫాదర్, భౌతిక శాస్త్రజ్ఞుడు కూడా. విశ్వం వ్యాపిస్తోందని 1927లో, అది ఒకే 'ఆది పరమాణువు' నుంచి వచ్చి ఉండొచ్చని 1931లో రాశాడు. 1951 నవంబరులో పోప్ 12వ పయస్, దేవుడు "వెలుగు కమ్మని" పలికిన క్షణానికి నేటి సైన్సు సాక్ష్యం ఇస్తోందన్నట్టు ప్రసంగించాడు. లెమైత్ర్ పొంగిపోవాలి కదా? ఇబ్బంది పడ్డాడు. తన సిద్ధాంతానికి ఆస్తికత్వంతోనూ నాస్తికత్వంతోనూ పని లేదనేది ఆయన పట్టు. మరుసటి ఏడు రోమ్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుల మహాసభ జరిగినప్పుడు పోప్ ఆ పోలిక మళ్లీ ఎత్తలేదు.

ఎత్తకపోవడం ఎంత మంచిదైందో ఒక చిన్న లెక్క చేస్తే తెలుస్తుంది. గెలాక్సీల దూరాలు కొలిచే మెగాపార్సెక్ అంటే 3.09 × 10¹⁹ కిలోమీటర్లు. అంత దూరంలోని గెలాక్సీ సెకనుకి సుమారు 70 కిలోమీటర్ల చొప్పున దూరమవుతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే అన్నీ ఒక్కచోట ఉన్నప్పటి నుంచి గడిచిన కాలం, అంటే విశ్వం వయసు, వస్తుంది: 4.4 × 10¹⁷ సెకన్లు. ఏడాదికి 3.16 × 10⁷ సెకన్లు కాబట్టి దాదాపు 1400 కోట్ల ఏళ్లు. పూర్తిగా కట్టిన లెక్క 1380 కోట్లు. (వ్యాప్తి మొదట్లో నెమ్మదించి తర్వాత పుంజుకుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోబట్టి మన మోటు లెక్క ఇంత దగ్గరగా వచ్చింది.)

ఇప్పుడు 70 తీసేసి 500 పెట్టు. 1929లో గెలాక్సీల వేగాలు, దూరాలు పోల్చిన ఖగోళ శాస్త్రజ్ఞుడు హబుల్‌కి వచ్చింది అటూఇటూగా అదే. వయసు 200 కోట్ల ఏళ్లకి పడిపోతుంది. 1940ల నాటికే భూమి అంతకంటే పాతదని రేడియోధార్మిక కొలతలు చెబుతున్నాయి! 1948లో హోయల్, బాండీ, గోల్డ్ తెచ్చిన 'మొదలే లేని విశ్వం' సిద్ధాంతానికి ఈ ఇరకాటం బాగా కలిసొచ్చింది. తప్పు దూరాల్లో ఉంది. కొలతకి వాడే సెఫీడ్ నక్షత్రాల్లో రెండు రకాలున్నాయని అప్పటికి తెలీదు. ఆ సంగతి వాల్టర్ బాడే బయటపెట్టింది అదే 1952 రోమ్ సభలో. దాంతో విశ్వం వయసు ఒక్కసారిగా దాదాపు రెట్టింపైంది. పోప్ ప్రసంగానికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

హోయల్ పక్షం చిక్కుల్లో పడింది 1965లో. పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రజ్ఞులకి తమ రేడియో యాంటెన్నాని ఆకాశంలో ఎటు తిప్పినా ఒకేలా మైక్రోవేవ్ రొద వినిపించింది. దాని ఉష్ణోగ్రత 2.7 కెల్విన్. ఒకనాటి వేడి చల్లారగా మిగిలింది అదే.

మన వాళ్లు ఫార్వర్డ్ చేసే 432 కోట్ల సంగతికి వద్దాం. 43,20,000 ఏళ్ల మహాయుగాలు వెయ్యి అయితే బ్రహ్మకి ఒక పగలు, నిజమే. భూమి వయసు 454 కోట్లు, కాబట్టి కుదిరిందంటారు. కానీ 432 కోట్లు పగలు మొత్తం నిడివి. ఇంతవరకు గడిచిందెంత? సంకల్పంలో "శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే" అని చెప్పుకుంటామే, ఆ లెక్కన ఆరు మన్వంతరాలు, ఏడోదానిలో 27 మహాయుగాలు, ఆపైన కలియుగం దాకా కూడితే సుమారు 197 కోట్లు. హబుల్ తప్పు లెక్కకి మాత్రం భలే సరిపోయింది!

పైగా మన దగ్గర 'మొదలు', 'దేవుడు' ఒకే గాటన కట్టి లేవు. కుండకి కుమ్మరి ఉన్నట్టే జగత్తుకీ కర్త ఉండాలని నైయాయికులు (న్యాయ దర్శనం వాళ్లు) వాదిస్తే, వేదాన్ని ప్రమాణంగా పట్టుకున్న మీమాంసకులే కాదన్నారు. జగత్తు ఇలా లేని కాలమే లేదన్నారు. కర్తకి శరీరం లేకపోతే ఎలా చేశాడు, ఉంటే దాన్నెవరు చేశారు అని మీమాంసకుడు కుమారిల భట్టు నిలదీశాడు.

ఈసారి గొడవ మొదలైతే మొదటి అమ్మాయిని అడుగు: రేపు విశ్వానికి మొదలు లేదని తేలితే దేవుణ్ణి వదిలేస్తావా? రెండో అమ్మాయిని: మొదలుందని నూటికి నూరుపాళ్లు తేలితే గుడికి వస్తావా? ఏమన్నారో రాయి.

నాన్న