ఒక్క కిచెన్‌ను ఐదు హోటళ్లుగా చూపించి అమ్మడంపై ఫిర్యాదు

రామగిరి,
నల్లగొండ.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
ఫుడ్ డెలివరీ యాప్ సంస్థ.

విషయం: వేర్వేరు హోటళ్ల పేర్లతో ఒకే కిచెన్ కూర అమ్మడం, నాటుకోడి పేరుతో ఫారం కోడి పంపడం, నేను రాసిన రివ్యూ తీసేయడం గురించి.

అయ్యా,

మీ యాప్‌లో నేను ఐదు సార్లు మాంసం కూరలు తెప్పించుకున్నాను. ఐదు సార్లూ వేరే హోటల్ అనుకునే ఆర్డర్ పెట్టాను. ఆ ఐదూ ఒకటే కిచెన్ అని తర్వాత తెలిసింది. ఈ సంగతి మీ కస్టమర్ కేర్‌కు చెబితే 75 రూపాయల కూపన్ వేసి, ఫిర్యాదు పరిష్కారమైందని మెసేజ్ పంపారు. నాకు కూపన్ వద్దు. జరిగింది మొత్తం రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

నేను మందుల కంపెనీలో రెప్‌గా పనిచేస్తున్నాను. 18 ఏళ్లుగా నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ తిరుగుతున్నాను. ఏ ఊరికి పోతే ఆ ఊళ్లోనే మధ్యాహ్నం భోజనం. ముక్క లేనిదే నాకు ముద్ద దిగదు. ఏసీ రెస్టారెంట్లకు పోయేది తక్కువ. బస్టాండ్ వెనకో, మార్కెట్ సందులోనో నాలుగు బల్లలు, ఒక ఫ్యాన్ ఉండే హోటల్ కనిపిస్తే ఆగుతాను. ఏం వండారని అడుగుతాను, వీలైతే పొయ్యి దగ్గరికి పోయి చూస్తాను. నాకు ఇంతకంటే వేరే సరదా లేదు.

ఈ హోటళ్ల గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా బాధ ఏమిటో మీకు అర్థం కాదు. ప్రకాశం బజార్ వైపు ఒకాయన పొద్దున్నే పాయ పెడతాడు. రాత్రంతా సన్నని మంట మీద ఉడికిన కాళ్లు, తింటుంటే వేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎనిమిదిన్నర దాటితే గిన్నె ఖాళీ. దేవరకొండ రోడ్డులో ఒక అక్క మెస్ నడుపుతుంది. బోటిని వేడినీళ్లలో వేసి, పసుపు రాసి, ఒక్కో పేగునూ తిప్పి కడుగుతుంది. ఆ కడగడానికే పొద్దంతా పోతుంది. ఎండాకాలం చింతచిగురు వస్తే మటన్‌లో వేస్తుంది, ఆ పులుపు కోసం నేను వారానికి రెండు సార్లు పోతాను. జొన్న రొట్టె ఆమె చేత్తోనే కొడుతుంది.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర బీహార్ నుంచి వచ్చిన హమాలీలు చాలామంది ఉంటారు. వాళ్ల కోసం ఒకాయన చంపారన్ మటన్ వండుతాడు. మట్టికుండలో మాంసం, ఆవనూనె, ఉల్లిపాయలు, ఒలవని వెల్లుల్లి గడ్డలు అన్నీ ఒకేసారి వేసి, మూత చుట్టూ గోధుమపిండి పూసి, బొగ్గుల మీద పెడతాడు. గరిటె పెట్టి కలపడు, మధ్య మధ్యలో కుండనే పట్టుకొని ఊపుతాడు. మూత తీసినప్పుడు వచ్చే వాసన కోసం నేను ఒకసారి గంటన్నర నిలబడ్డాను. మహబూబ్‌నగర్ న్యూటౌన్ వైపు బార్కస్‌లో పని నేర్చుకున్న ఒకాయన మండీ పెడతాడు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే పేట అది, హైదరాబాద్‌లో. మండీ అంటే అన్నం మీద మాంసం పెట్టి ఇవ్వడం కాదు. గుంత పొయ్యిలో కింద అన్నం గిన్నె, పైన మాంసం పెట్టి మూసేస్తారు. కొవ్వు కరిగి బొట్టు బొట్టుగా అన్నంలో పడుతుంది. అందుకే ఆ అన్నాన్ని ఏ కూరా లేకుండా ఉట్టిగానే తినొచ్చు.

వీళ్లలో ఒకరి రుచి ఇంకొకరికి రాదు. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి అందరివీ అవే, చేయి వేరు. హోటల్ పేరు చూసి పోయేది ఆ చేతి కోసమే.

నాలుగు నెలల కింద నార్కట్‌పల్లి నుంచి వస్తుంటే బైక్ జారి పడ్డాను. కుడికాలు విరిగింది. ఆరు వారాలు మంచం మీదే ఉండాలన్నారు. బయటికి పోలేను కాబట్టి మీ యాప్ పెట్టుకున్నాను. అందులో మా ఊరి పేరు మీద అన్ని కొత్త హోటళ్లు కనిపిస్తే నిజంగా సంతోషపడ్డాను. రోజూ తిరిగే నాకే తెలియకుండా ఇన్ని వచ్చాయా అనుకున్నాను. ఒకటి అరబ్ మండీ, ఒకటి చెట్టినాడ్, ఒకటి పంజాబీ ధాబా, ఒకటి చైనీస్, ఒకటి పల్లెటూరి నాటుకోడి. ఐదింటికీ ఐదు రకాల బొమ్మలు, ఐదు రకాల కథలు. "తాతల కాలం నాటి రుచి" అని ఒకదాని కింద రాసి ఉంది.

పదిహేను రోజుల్లో మటన్ మండీ 560, చెట్టినాడ్ మటన్ 340, కడాయి మటన్ 360, డ్రాగన్ చికెన్ 260, నాటుకోడి పులుసు 380 రూపాయలకు తెప్పించాను. మొత్తం 1,900 రూపాయలు. డెలివరీ చార్జీలు, ప్యాకింగ్ చార్జీలు వేరే.

మొదట అనుమానం వచ్చింది మా అమ్మకు. ఆమెకు 74 ఏళ్లు. ధాబా కడాయి మటన్ వచ్చిన రోజు ఒక ముద్ద నోట్లో పెట్టుకొని, "మొన్న గీ కూరనే తిన్నం గదరా, ఇంకో పేరు పెట్టి పంపిండ్రా?" అన్నది. నేను ఒప్పుకోలేదు. మొన్నది చెట్టినాడ్ అమ్మా, ఇది పంజాబీ అని చెప్పాను. "ఏదైతేంది, గిన్నె ఒక్కటే" అన్నది. ఆ రోజు నుంచి నేను కూడా జాగ్రత్తగా చూస్తూ తిన్నాను. చెట్టినాడ్ అంటే రాతిపువ్వు, అనాసపువ్వు, మిరియాల ఘాటు తెలియాలి, అవేవీ లేవు. కడాయిలో దంచిన ధనియాల వాసన రావాలి, రాలేదు. రెండింట్లోనూ ఉల్లి, టమాటా, జీడిపప్పు రుబ్బి చేసిన అదే తియ్యటి గ్రేవీ. డ్రాగన్ చికెన్‌లో సాస్, చక్కెర ఎక్కువేశారు, అడుగున మళ్లీ అదే. మండీ అన్నం రంగుతో పచ్చగా ఉంది, దాని మీద ముక్కలు ఉడికించి పెట్టారు. పొగ వాసన, కరిగిన కొవ్వు మచ్చుకైనా లేవు.

ముక్కల విషయం ఇంకొకటి. మా దగ్గర మటన్ కొట్టులో మొద్దు మీద కత్తితో కొడితే ఎముక అంచు గరుకుగా ఉంటుంది, చిన్న చిన్న పెచ్చులు కూడా వస్తాయి. మీ దగ్గర నుంచి వచ్చిన మూడు మటన్ కూరల్లోనూ ఎముకలు మెషీన్‌తో కోసినట్టు నున్నగా, ఒకే మందంలో ఉన్నాయి. ఎక్కడి మాంసం, ఎన్ని రోజులది అని అడుగుదామంటే యాప్‌లో ఆ హోటళ్ల ఫోన్ నంబర్ లేదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణదే, సుమారు 1 కోటి 90 లక్షలు. వారం వారం సంతల్లో పొట్టేళ్లు దొరికే ఈ జిల్లాలో, తింటున్న మాంసం ఎక్కడిదో అడగడానికి మనిషి లేకపోవడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

అప్పుడు బిల్లులు అన్నీ ముందేసుకొని చూశాను. ఆహార వ్యాపారులు బిల్లు మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబర్ వేయాలనే నిబంధన 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 అంకెలు ఉంటాయి. ఐదు హోటళ్ల బిల్లుల మీదా ఆ 14 అంకెలూ ఒక్కటే. ఆ లైసెన్సు ఒక చిరునామాకు ఇస్తారు, కాబట్టి ఐదు పేర్లకూ వంటగది ఒక్కటే అన్నమాట.

అయినా కళ్లతో చూడకుండా నింద వేయకూడదనుకున్నాను. కట్టు తీసిన తర్వాత కర్ర పట్టుకొని, ఆటోలో ఆ చిరునామాకు పోయాను. ఒక ఫంక్షన్ హాల్ వెనక షట్టర్ గది. బోర్డు లేదు, కూర్చోవడానికి బల్ల లేదు. లోపల మూడు గ్యాస్ పొయ్యిలు, ఒక పెద్ద గంజులో ఎర్రటి గ్రేవీ. గోడ పక్కన ఐదు రకాల ప్యాకింగ్ డబ్బాలు విడివిడిగా పేర్చి ఉన్నాయి. గుంత పొయ్యి లాంటిది ఏదీ కనిపించలేదు. బయట నిలబడ్డ డెలివరీ అబ్బాయిని అడిగితే, "పేర్లు అయిదున్నయి అన్నా, కిచెన్ గిదొక్కటే" అని మామూలుగా చెప్పాడు. వండే పిల్లలు ఇద్దరు చెమటలు కక్కుతూ పనిచేస్తున్నారు, వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. గది శుభ్రంగానే ఉంది. నా ఫిర్యాదు శుభ్రత గురించి కాదు.

నాటుకోడి సంగతి మాత్రం పూర్తిగా మోసం. ఫారం కోడిని 40, 45 రోజులు పెంచి కోస్తారు. నాటుకోడి కిలోన్నర తూగాలంటే నెలలు పడుతుంది. అందుకే దాని ధర ఎక్కువ, అందుకే దాని ఎముక గట్టిది, ముక్క ఉడకడానికి ఓపిక కావాలి. కోడిని మంట మీద కాల్చి పసుపు రాస్తారు కాబట్టి తోలుకు ఒక కమురు వాసన ఉంటుంది. నాకు వచ్చిన కూరలో తోలే లేదు. తొడ ఎముకను రెండు వేళ్లతో వంచితే విరిగింది. ఫారం కోడి అని చెప్పి అమ్మితే నేను సంతోషంగా తినేవాణ్ణి. ఫారం కోడిని నాటుకోడి అని 380 రూపాయలకు అమ్మారు. మా అమ్మ ఆ రోజు కూర తినకుండా పక్కన పెట్టి పెరుగుతో తిన్నది. కొడుకు ఇష్టపడి తెప్పించాడని నోరు తెరిచి ఏమీ అనలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

వీటన్నిటికంటే ఎక్కువ నన్ను కదిలించింది దేవరకొండ రోడ్డు అక్క మెస్. ఆమె కూడా మీ యాప్‌లో చేరింది. మా ఇంటి నుంచి మటన్ అని వెతికితే ఆమె పేరు తొమ్మిదో చోట వచ్చింది. ఆ పైన ఉన్న ఎనిమిదింట్లో ఐదు ఈ షట్టర్ గదివే. ఆమెను అడిగితే, "నాకు దినాం నాలుగైదు ఆర్డర్లు వస్తుండె తమ్మీ, ఇప్పుడు రెండు రోజులకొకటి వస్తలేదు. గా పేర్లన్నీ పైన కనవడ్తున్నయి, నాది కిందికి వోయింది" అన్నది. పొద్దంతా బోటి కడిగే మనిషి ఒక్క పేరుతో నిలబడితే, ఒక్క గంజు పెట్టినవాడు ఐదు పేర్లతో నిలబడ్డాడు. కస్టమర్ కళ్లకు ఐదు హోటళ్లు కనిపిస్తే ఆమె దాకా ఎవరు దిగి చూస్తారు? ఆమె హోటల్ మూతపడితే నల్లగొండలో ఆ బోటి కూర ఇంకెక్కడా దొరకదు. ఆ టెన్షన్‌తోనే నేను ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఇదంతా మీ యాప్‌లో రివ్యూగా రాశాను. తిట్లు లేవు, ఎవరి పేరూ ఎత్తలేదు. బిల్లుల ఫొటోలు పెట్టి, ఐదింటి నంబర్ ఒకటే చూసుకోండి అని మాత్రం రాశాను. రెండు రోజుల తర్వాత అది కనిపించలేదు. మా నియమాలకు విరుద్ధం అని ఒక లైను వచ్చింది, ఏ నియమమో చెప్పలేదు. తర్వాత మీకు మెయిల్ పంపి 19 రోజులైంది. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. మీ నుంచి మనిషి రాసిన జవాబు ఒక్కటి కూడా రాలేదు. అమ్మేవాళ్ల వ్యాపార పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబర్ కొనేవాళ్లకు కనిపించేలా పెట్టాలని కూడా ఆ నియమాలే చెబుతున్నాయి.

నేను కోరేది ఇది. ఈ ఐదు పేర్ల కిందా వంట ఎక్కడ జరుగుతుందో ఆ చిరునామా, లైసెన్సు నంబర్ మొదటి పేజీలోనే తెలుగులో కనిపించాలి. ఒకే కిచెన్ అయితే ఒకే చోట చూపించండి, దాని కింద ఎన్ని రకాల వంటలైనా పెట్టుకోనివ్వండి, దానికి నేను అడ్డం చెప్పను. నాటుకోడి అని అమ్మేవాళ్లు అది నాటుకోడే అని మీకు రుజువు చూపాకే ఆ పేరు వాడనివ్వండి. నా రివ్యూను మళ్లీ పెట్టండి. 1,900 రూపాయలు, చార్జీలతో సహా, నేను కట్టిన ఖాతాలోకే తిరిగి వేయండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను, తర్వాత నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు. బిల్లులు, ఫొటోలు, మీరు పంపిన మెసేజ్‌లు అన్నీ నా దగ్గర ఉన్నాయి, కాపీలు జత చేశాను. లైసెన్సు నంబర్ కింద ఎర్ర ఇంకుతో గీత గీశాను, ఐదూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
రామగిరి, నల్లగొండ.