నాలుగు నెలలు, నలుగురి చలవ

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఇంటికొచ్చేశాడు. భోగి నాడు డాలస్‌లో మా వంటింట్లోనే నిలబడి, ప్లేటు కూడా తీసుకోకుండా బొబ్బట్లు తిన్నాడు. ఈ సంగతి బయట చెప్పాలా వద్దా అని చాలా తటపటాయించాను. జైలు మాట మనవాళ్ళలో ఎవరూ ఎత్తరు. కానీ సాయం పుచ్చుకున్నప్పుడు లేని మొహమాటం ఇప్పుడు ఎందుకనిపించింది.

తప్పు చేశాడు, ఒప్పుకున్నాడు. మెడికేర్ (పెద్దవాళ్ళకి అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) బిల్లింగ్ కేసు, ఫెడరల్ కోర్టు. 2022లో శిక్ష పడింది. ఏ నేరానికి ఎన్ని నెలలో జడ్జిలు చూసుకునే గైడ్‌లైన్స్ పట్టికలో వాడిది లెవెల్ 23, అంటే 46 నుంచి 57 నెలలు. మొదటి తప్పు కదా అని జడ్జిగారు కనికరించి 41 వేశారు.

2023 నవంబరు 1న ఆ గైడ్‌లైన్స్‌కి 821వ సవరణ అమల్లోకి వచ్చింది. నేరచరిత్రలో (పాత శిక్షలకి వేసే లెక్కలో) ఒక్క పాయింటు కూడా లేనివాళ్ళకి రెండు లెవెళ్ళు తగ్గింపు. హింస, తుపాకీ, పదిమందిని వెంటేసుకుని నడిపించడం లాంటివి ఉంటే మాత్రం లేదు. ఇప్పటికే లోపల ఉన్నవాళ్ళకీ వర్తిస్తుందన్నారు, కాకపోతే 2024 ఫిబ్రవరి 1 కంటే ముందు ఎవరినీ వదలరు.

లెవెల్ 21 అంటే 37 నుంచి 46. నేనూ లెక్క కట్టాను. అప్పుడు 46కి 5 తగ్గించారు, ఇప్పుడు 37కి 5 తగ్గిస్తే 32! ఒక కన్సల్టెంటు ఈ లెక్కకి వంత పాడి, ఇంకా ఎక్కువే తగ్గిస్తామని రెండున్నర వేల డాలర్లు పుచ్చుకున్నాడు. ఆ తర్వాత ఫోనెత్తితే ఒట్టు.

మా మొదటి నమస్కారం ఫెడరల్ డిఫెండర్ ఆఫీసు (లాయరుని పెట్టుకోలేనివాళ్ళ తరఫున వాదించే ప్రభుత్వ ఆఫీసు) లాయరమ్మకి. పైసా తీసుకోలేదు. పసుపు కాగితాల పుస్తకం మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద 37 అని రాసింది. "ఇది నేల. దీని కిందకి జడ్జి కూడా దిగలేడు" అంది. ప్రభుత్వానికి సహకరించినందుకు ముందే శిక్ష తగ్గినవాళ్ళకి తప్ప మినహాయింపు లేదట. గైడ్‌లైన్స్ సలహా మాత్రమేనని సుప్రీంకోర్టు 2005లో బుకర్ కేసులో చెప్పింది కదా అని అడిగాను (రాత్రంతా చదివి వచ్చాను మరి). ఆ వెసులుబాటు ఇక్కడ పనిచెయ్యదని 2010లో డిల్లన్ కేసులో అదే కోర్టు తేల్చేసిందట. ఇది శిక్ష మళ్ళీ మొదట్నుంచి వెయ్యడం కాదు, ఉన్నదానికి చిన్న సవరింపు. ఆ 37 అయినా మన హక్కు కాదు. లోపల నడవడిక చూసి జడ్జి ఇస్తే ఇచ్చినట్టు. పార్కింగ్‌లో కారెక్కి ఏడ్చాను. అయినా డబ్బు తీసుకుని ఆశ పెట్టినవాడికంటే, ఉచితంగా ఏడిపించిన ఈవిడే నయం.

నడవడిక గురించి రాసిచ్చిన జైలు చదువుల విభాగం మేడమ్‌కి, అభ్యంతరం చెప్పని ప్రాసిక్యూటర్‌గారికి దండాలు. విచారణ లేదు, వాణ్ణి కోర్టుకి తీసుకెళ్ళిందీ లేదు. ఒక ఫారం మీద 41 అని, పక్కన 37 అని, కింద సంతకం. అంతే.

పదిహేను నిమిషాల ఫోను కట్టయ్యేలోపు ఈ మాట వాడికి చెప్పి, తెనాలిలో అమ్మకి చెప్పాను. "నాలుగేనా?" అంది. కాసేపాగి, "పోనీలేవే, ఒక పంటకాలం" అంది.

ఇక మా వీధి చివరి అన్నయ్యగారు, వదినగారు. జైల్లో వాణ్ణి చూడ్డానికి వెళ్ళే శనివారాలు మూడు గంటలు డ్రైవ్ చేసి తీసుకెళ్ళేవారు. వెండింగ్ మెషీన్ కోసం నేను క్వార్టర్లు (పావు డాలరు నాణేలు) మర్చిపోతానని ముందే లెక్కపెట్టి జిప్ కవర్లో పోసి ఉంచేవారు వదినగారు. తిరుగు దారిలో పులిహోర. ఒక్కసారి కూడా "ఏం కేసమ్మా" అని అడగలేదు.

వదినగారూ, మీ టిఫిన్ క్యారియర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆదివారం తనే తెచ్చిస్తానంటున్నాడు.