ఆ రెండు ఆంప్యూళ్లు ఒకే ట్రేలో వద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

"మత్తు వికటించి బాలింత మృతి" అని వార్త కనిపిస్తే చివరి లైను దాకా చదువుతాను. నేను ఆపరేషన్ థియేటర్లో నర్సుని. బంధువుల ఆందోళన, డాక్టర్ల నిర్లక్ష్యమన్న ఆరోపణ, విచారణకు ఆదేశం, ఇవన్నీ ఉంటాయి గానీ వెన్నులోకి ఎక్కించింది అసలు మత్తు మందేనా అన్న ప్రశ్న మాత్రం ఉండదు. ఏ ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) విరిచారు, అది ఎక్కడ పెట్టి ఉంది, దాని పక్కన ఇంకేం మందులున్నాయి అని ఎవరూ అడగరు. అలాంటి ప్రతి చావుకీ మందు మారడమే కారణమని నేననడం లేదు, వేరే కారణాలు చాలా ఉంటాయి. కానీ మందు మారిపోయి మనుషులు చనిపోయిన కేసులు చాలా దేశాల వైద్య పత్రికల్లో నమోదయ్యాయి, అవి మామూలు పాఠకులదాకా రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఎక్కువగా పొరపాటు జరిగేది ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందుతో. ఇది రక్తస్రావం తగ్గించే మందు, నరంలోకి, అంటే రక్తనాళంలోకి ఎక్కించేది. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే మొదటి 3 గంటల్లోపు, వీలైనంత త్వరగా ఒక గ్రాము ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చెప్పింది. మంచి మందు, తల్లుల ప్రాణాలు కాపాడే మందు, అందుకే ఇప్పుడు సిజేరియన్ జరిగే చోటల్లా చేతికందే దూరంలో ఉంటోంది. చిక్కంతా అక్కడే. సిజేరియన్‌కి నడుములో ఇచ్చే మత్తు మందు బుపివకైన్. రెండూ నీళ్లలా రంగు లేకుండా ఉంటాయి, రెండూ చిన్న గాజు ఆంప్యూళ్లలోనే వస్తాయి, కంపెనీని బట్టి ఒక్కోసారి లేబుల్ రంగు కూడా కలిసిపోతుంది. పోయిన నెల దాకా వేరేగా కనిపించిన ఆంప్యూల్, స్టాకు మారేసరికి పక్కదానిలా తయారవుతుంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీ కేసు, బిడ్డ గుండె చప్పుడు పడిపోతోంది, అందరూ పరుగుల మీద ఉన్నారు, ఆ టెన్షన్‌లో చెయ్యి ఒక అంగుళం పక్కకి పోతే చాలు.

సరైన మందు వెన్నులో పడితే కాళ్లు వెచ్చబడి నిమిషాల్లో మొద్దుబారతాయి. ట్రానెక్సామిక్ యాసిడ్ పడితే జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. నరాల ఉద్రేకాన్ని అదుపులో పెట్టే గాబా, గ్లైసిన్ అనే రసాయనాల పనిని అది అడ్డుకుంటుంది. దాంతో మనిషి నడుము, పిరుదులు, కాళ్లు మండిపోతున్నాయని అరుస్తుంది, కాళ్లు ఎగిరెగిరి పడతాయి, తర్వాత ఫిట్స్ వస్తాయి, బీపీ పెరిగిపోతుంది, గుండె లయ తప్పుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. నమోదైన కేసుల్లో దాదాపు సగం మంది చనిపోయారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీని మీదే హెచ్చరికలు ఇచ్చాయి.

ఇలా జరిగినప్పుడు మొదట వినిపించే మాట "లేబుల్ చూసుకోవద్దా?" అని. చూసుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ పని ఎలా జరుగుతుందో కూడా తెలియాలి. మత్తు డాక్టర్ స్టెరైల్ గ్లవ్స్ వేసుకుని ఉంటారు, ఆంప్యూల్‌ని చేత్తో పట్టుకోరు. పక్కనున్న నర్సో టెక్నీషియనో విరిచి పట్టుకుంటే డాక్టర్ సూదితో లాగుతారు. అంటే తీసినవాళ్లు ఒకరు, లాగినవాళ్లు ఒకరు, అవతలివాళ్లు చూశారులే అని ఇద్దరూ అనుకునే వీలుంది. మందు పేరు, శాతం, గడువు తేదీ పైకి చదివి, లేబుల్ డాక్టర్ కళ్ల ముందు తిప్పి చూపించి, ఇద్దరూ ఔనన్నాకే విరవాలి. ఎంత తొందరున్నా సరే, దీనికి పట్టేది కొన్ని సెకన్లు.

అయినా ఒక్క జాగ్రత్త మీదే భారం పెట్టడం నాకు నచ్చదు. అలసిన మనిషి జాగ్రత్త ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. ఒక నర్సుని సస్పెండ్ చేసి, అదే అల్మారాలో అవే రెండు డబ్బాలు మళ్లీ పక్కపక్కనే సర్దితే ఏం మారినట్టు? కొత్తగా వచ్చిన అమ్మాయి కూడా వాటిలోంచే తీస్తుంది కదా. ట్రానెక్సామిక్ యాసిడ్‌ని మత్తు మందులకు దూరంగా, వీలైతే థియేటర్ బయటే ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్పైనల్ ట్రేలో, అంటే నడుములో మత్తు ఇవ్వడానికి సర్దే ట్రేలో, ఆ పనికి కావాల్సిన మందులు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ట్రానెక్సామిక్ యాసిడ్ డబ్బా మీద "నరంలోకి మాత్రమే, వెన్నులో ఇవ్వకూడదు" అని పెద్ద అక్షరాలతో అంటించాలి. సెలైన్‌లో ముందే కలిపిన సంచిలా తెప్పించుకోగలిగితే ఇంకా మంచిది, సంచిని ఎవరూ ఆంప్యూల్ అనుకోరు. కొనుగోళ్లు చూసేవాళ్లు కొత్త కంపెనీ మందు తెప్పించేముందు ఆ ఆంప్యూల్‌ని థియేటర్‌కి పంపి, ఉన్నవాటి పక్కన పెట్టి చూడమనాలి. ఈ పని చాలా చోట్ల ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది.

వెన్నులో ఇచ్చే సిరంజిలకి వేరే రకం మూతి ఉండే పద్ధతి కూడా వచ్చింది, మామూలు సిరంజి ఆ సూదికి పట్టదు. మంచిదే, రావాలి కూడా. కానీ సరైన సిరంజిలోకి తప్పు మందు లాగితే అది ఆపలేదు. అది కొన్నాం కాబట్టి ఇక భయం లేదనుకోవద్దు.

ఇది చదివి ఎవరూ నడుములో మత్తుకి భయపడొద్దు. 1947లో ఇంగ్లండ్‌లో వూలీ, రో అనే ఇద్దరికి ఒకే రోజు, ఒకే ఆస్పత్రిలో స్పైనల్ ఇచ్చాక కాళ్లు పడిపోయాయి, కేసు కోర్టుకెళ్లింది, ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడి డాక్టర్లూ జనమూ ఆ పద్ధతికే జంకారు. అలా కాకూడదు. సిజేరియన్‌కి చాలా సందర్భాల్లో పూర్తి మత్తు కంటే ఇదే మేలు.

థియేటర్లో పనిచేసే తోటివాళ్లకి ఇంకొక్క మాట. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు స్పైనల్ పట్టలేదేమో అనుకున్నారు, ఖాళీ ఆంప్యూల్ ఎవరో చెత్తలోంచి తీసి చూశాకే అసలు సంగతి బయటపడింది. ఆపరేషన్ అయ్యేదాకా ఆంప్యూళ్లు పారేయకండి. మొద్దుబారాల్సిన కాళ్లు ఎగురుతున్నాయన్నా, నొప్పి అని కేక వేసినా, రెండోసారి సూది తీసేముందు ఆ ఆంప్యూల్ చూడండి. తప్పు జరిగిందని తెలిస్తే దాచకండి, వెంటనే గట్టిగా చెప్పండి. ఫిట్స్ ఆపడం, ఊపిరి అందించడం, ఐసీయూకి తరలించడం, కొన్ని చోట్ల చేసినట్టు వెన్ను ద్రవాన్ని కొద్దికొద్దిగా తీస్తూ సెలైన్ ఎక్కించడం, ఇవన్నీ ఎంత ముందు మొదలైతే ఆ తల్లికి అంత అవకాశం ఉంటుంది.

ఇట్లు,
ఒక ఆపరేషన్ థియేటర్ నర్సు