ప్రొకాల్సిటోనిన్ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

వానాకాలం జ్వరాలతో వరంగల్ ఆసుపత్రులు కిటకిటలాడుతుంటే రక్తపరీక్షలో ప్రొకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా సోకితే పెరిగే ప్రోటీన్) పెరిగిందనగానే సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) అనేస్తున్నారు. అంత తొందరెందుకు? నిజమే, బ్యాక్టీరియా సోకితే సీఆర్‌పీ అనే మరో రక్తసూచిక కంటే ముందే, సుమారు 4 గంటల్లోనే ఇది పెరుగుతుంది. కానీ మలేరియా, కాలిన గాయాలు, పెద్ద ఆపరేషన్లలోనూ పెరుగుతుంది. తక్కువుందని బీపీ పడిపోతున్న రోగికి యాంటీబయాటిక్ ఆపడం మరీ ప్రమాదం.

అసలు దీని ఉపయోగం మందు ఎప్పుడు మానాలో తేల్చడంలో ఉంది. రోగి కోలుకుంటూ, విలువ గరిష్ఠం నుంచి 80 శాతం తగ్గినా, మి.లీ.కు 0.5 నానోగ్రాముల లోపుకు దిగినా మానొచ్చు. అందుకు పరీక్ష మళ్లీ చేయించాలి. ఒక్క రిపోర్టుతో తెలియదు.

రక్తంలోని క్రిమిని సీసాలో పెంచి గుర్తించే బ్లడ్ కల్చర్‌కు మాత్రం వీలైనంతవరకు యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే, రెండు చోట్ల నుంచి, పెద్దలకు సీసాకు 8-10 మి.లీ. రక్తం తీయాలి. 2 మి.లీ.తో సరిపెడితే క్రిమి దొరక్కపోవచ్చు. స్పిరిట్ ఆరకముందే సూది గుచ్చితే చర్మం మీది క్రిమే సీసాలో పెరుగుతుంది.

ఇట్లు,
మైక్రోబయాలజీ వైద్యులు, హనుమకొండ