శేషాచలం అంచున పాత బంగళాలు: పర్యాటక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం చుట్టుపక్కల చిన్న పట్టణాల్లో బ్రిటిషు కాలం నుంచి నిలిచి ఉన్న ట్రావెలర్స్ బంగళాల (పర్యటనకు వచ్చే అధికారుల బస కోసం కట్టిన ప్రభుత్వ అతిథి గృహాల) గురించి తమకు విన్నవించుకోదలచాను. 1989లో జాతీయ ఉద్యానవనమై, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వులో భాగమైన ఈ అడవిలో ఎర్రచందనం ఉంది, దేవాంగపిల్లి ఉంది, తలకోన జలపాతం ఉంది. అయినా వచ్చేవారిలో చాలామంది పొద్దున తిరుపతిలో కారెక్కి, జలపాతం చూసుకుని, చీకటి పడేలోగా వెనుదిరుగుతారు. దారిలోని ఊళ్లకు దక్కేది టీ డబ్బులు, ఖాళీ నీళ్ల సీసాలు.

ఆ మధ్య మా కుటుంబం అలాంటి ఒక బంగళాలో బస చేసింది. అక్కడి వాచ్‌మన్‌కు ఇబ్బంది రాకూడదని ఊరి పేరు రాయడం లేదు. మందపాటి గోడలు, ఎత్తైన పైకప్పు, చుట్టూ వరండా ఉండటంతో ఎండాకాలంలో కూడా ఏసీ ఊసెత్తకుండా నిద్రపోయాం. ముందుగా చెప్పి సరుకులకు డబ్బిస్తే రాత్రికి కోడికూర, చారు వండిపెట్టే పాత పద్ధతి అక్కడ ఇంకా బతికే ఉంది. అయితే ఆ గది దొరకడానికి రెండు కార్యాలయాలు తిరిగి, ఒక సిఫారసు ఉత్తరం తెచ్చుకోవలసి వచ్చింది. ఎవరైనా అధికారి పర్యటనకు వస్తే అర్ధరాత్రయినా ఖాళీ చేయాలన్న షరతు వేరే. అన్నిటికన్నా మంచి గదికి మాత్రం తాళం వేసే ఉంది. మంత్రులెవరైనా వస్తారేమోనని ఉంచారట.

ఇంకా బాధ కలిగించినది మరమ్మతుల తీరు. గానుగ సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నంతో, కట్టిన గోడ తనలోని చెమ్మను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కి, కొన్నేళ్లకు పూతతోపాటు ఇటుక కూడా పొడిపొడిగా రాలిపోతుంది. ఆ తరువాత అదే గోడను చూపి కట్టడం శిథిలమైందని, కూల్చక తప్పదని నివేదిక రాయడం తేలిక. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వారికి పని ఇప్పించే టెండరు నిబంధనలే లేవు.

2024లో ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పెట్టుబడులు రావలసిందే, కానీ జాతీయ ఉద్యానవనం అంచున కొత్త రిసార్టులకు స్థలాలు వెతికే ముందు, ఊరి నడుమ ఇప్పటికే ఉన్న ఈ బంగళాలను లెక్కలోకి తీసుకోవాలని మనవి. నాగరహొళె అడవి పక్కన కబినిలో మైసూరు మహారాజుల వేట బంగళాను కర్ణాటక ప్రభుత్వ సంస్థే అతిథి గృహంగా నడుపుతోంది. అంత ఖరీదైన ఏర్పాటు మనకు అక్కరలేదు. శుభ్రమైన పడక, నీళ్లొచ్చే స్నానాల గది, ఒకసారి ఇచ్చాక రద్దుకాని బుకింగు ఉంటే చాలు.

కనుక రోడ్లు భవనాల శాఖతో మాట్లాడి, ప్రతి బంగళాలో ఒక్క గదిని అధికారులకు ఉంచి, మిగిలినవి ఆన్‌లైనులో ఎవరైనా తీసుకునేలా ఉత్తర్వులు ఇప్పించండి. వంట, గదుల నిర్వహణ స్థానిక మహిళా సంఘాలకు, అటవీ శాఖ అనుమతించిన దారుల్లో వెంట నడిచే పని అడవిని ఎరిగిన యానాది యువకులకు అప్పగించవచ్చు. వానల తరువాత తలకోన నిండుగా దూకే నెలల్లోనే సందర్శకుల తాకిడి ఎక్కువ గనుక, ఆలోగా ఒక్క బంగళాతోనైనా ఈ పని మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక యాత్రికుడు